సప్పుడు వెతుక్కుంటూ నందికొండకు

కోస్గి

నాగార్జునసాగర్‌కు జనం డ్యాం గేట్లు ఎత్తినప్పుడు పోతారు. మేము పోయింది గేట్లన్నీ మూసి ఉండే డిసెంబరు చివర్లో, అదీ మైకుల మోత వినడానికి. ఆ కోరిక నాది కాదు, మా తమ్ముడి భార్య మారిసెల్‌ది.

మా తమ్ముడు శీను దోహాలో ఏసీలు బాగుచేస్తాడు. అక్కడే ఒక ఆసుపత్రి బట్టలు ఉతికే చోట పనిచేసే ఫిలిప్పీన్స్ అమ్మాయిని పెండ్లి చేసుకుని కోస్గికి తీసుకొచ్చాడు. మారిసెల్ అన్న పేరుకు మా అమ్మ నోరు తిరగక మారెమ్మ అని పిలవడం మొదలుపెట్టింది. అది ఊరి దేవత పేరు కాబట్టి వాడకట్టు పిల్లలు కొన్నాళ్లు ఆమెకు దండం పెట్టి నవ్వేవాళ్లు. సెలవు అయిపోయి శీను తిరిగి వెళ్లాడు. భార్యను పిలిపించుకునే కాగితాల పని నడుస్తూనే ఉంది. అందాకా ఆమె మా అమ్మ దగ్గరే. నేను అదే వీధిలో రెండిళ్ల అవతల ఉంటాను, ఊళ్లో బడిపంతులమ్మను. మారిసెల్ తెలుగు మా అమ్మ దగ్గర నేర్చింది. అందుకని ఆమెకు పాలమూరు మాట తప్ప పుస్తకాల తెలుగు తెలియదు.

ఆ వానాకాలం ఆమె తండ్రి పోయాడు. పోవడానికి వీలు కాలేదు. ఫోనులో మట్టి వేయడం చూసింది. మా అమ్మ పక్కన కూర్చుని తనకు తెలిసిన ఓదార్పు మాటలన్నీ చెప్పి, తనే ఏడ్చింది. మారిసెల్ ఏడవలేదు. ఆ తర్వాత నుంచి మాట తగ్గించింది.

డిసెంబరులో ఒకరోజు బడి నుంచి వస్తుంటే నన్ను గేటు దగ్గర ఆపింది.

"వదినా, జనవరిల నేను మా ఊరికి పోత. మల్ల రాను."

"శీనుకు చెప్పినవా?"

"చెప్పిన. ఏం అనలే."

"గీడ నీకేం తక్కువైంది మారీ?"

"సప్పుడు" అంది.

నాకు నవ్వొచ్చింది. మసీదు మైకు, గుడి మైకు, సంతనాడు అరుపులు, బోరుబండ్ల మోత, ఎన్నికలొస్తే డీజేలు. కోస్గిలో చప్పుడుకు కరువా అన్నాను.

"గా సప్పుడంత మీది. కిరిస్మస్ దినం మా వాడకట్టుల మనిషి మాట మనిషికి ఇనబడది. పోయినేడు గీడ కిరిస్మస్ దినం నేను కందిచేనుకు పోయిన."

అది నిజమే. ఊరి చివర చిన్న ప్రార్థన ఇల్లు ఉంది. పొద్దున ప్రార్థన అయింది, అందరూ కేకు ముక్క తిని కంది కోతకు పోయారు. ఇంట్లో ఒక్కతే ఏం చేస్తుందని మా అమ్మ ఆమెనూ వెంట తీసుకుపోయింది. వాళ్ల దేశంలో మనకు బతుకమ్మ రాకముందే క్రిస్మస్ పాటలు మొదలవుతాయట. తెల్లవారకముందే గుడి గంటలు, సాయంత్రమైతే ఇంటింటికీ పాటలపెట్టె, రాగం ఉన్నా లేకున్నా అందరూ మైకు పట్టుకుని పాడటమే.

నాతోపాటు బీఎడ్ చదివిన ఎస్తేరుది సాగర్ డ్యాం పక్కనే ఉన్న నందికొండ. ఫోను చేసి సంగతి చెప్పాను. "తోల్కరా పద్మా. సప్పుడు గావాల్నంటే మా గల్లీకి రావాలె" అంది. మారిసెల్‌ను ఆపడానికని కాదు. పోయేవాళ్లను మంచిగా పంపాలన్నదే నా మనసులో ఉన్నది. మా అమ్మ మాత్రం, "తిప్పుకరా బిడ్డా, మనసు మల్లుతదేమో" అని నా చేతిలో సద్దిమూట పెట్టింది.

పాలమూరు

జిల్లాలు ఎన్ని ముక్కలైనా మాకు పాలమూరు పాలమూరే. పాత బజారులో అప్పటికే పతంగులు వేలాడదీశారు. మారిసెల్ ఒక దుకాణం ముందు ఆగిపోయింది. తెల్లగడ్డం పెద్దాయన కింద కూర్చుని పతంగులకు తోకలు అతికిస్తున్నాడు.

"నేపాలా బేటీ?" అన్నాడు.

బస్సులో ఇద్దరు అప్పటికే ఆ ప్రశ్న అడిగారు. ఆమెకు అలవాటే. "నేపాల్ గాదు చాచా. ఫిలిప్పీన్. ఇప్పుడు కోస్గి."

ఆయన చేతిలో పుల్ల పక్కన పెట్టి నా వైపు చూశాడు. "మన మాట మంచిగ మాట్లాడ్తుందే."

"సన్న పుల్లలు గావాలె చాచా. చుక్క జేస్త" అంది ఆమె.

"చుక్కంటే, ఎగిరేదా?"

"ఎగరది. కిటికీకి కడ్తరు. లోపట లైటు పెడ్తరు."

ఆయన జరిగి చోటిచ్చాడు. ఆమె వెదురు పుల్లలు అడ్డంగా నిలువుగా కట్టి అయిదు కోణాల చుక్క చేసింది. ఆయన దానికి ఎర్ర కాగితం అతికించాడు. అంతటితో ఊరుకోకుండా, చేయి అలవాటు కొద్దీ కింద రెండు తోకలు కూడా తగిలించాడు. మారిసెల్ ఆశ్చర్యంగా చూసింది. వాళ్ల ఊరి చుక్కకు కూడా రెండు తోకలే ఉంటాయట. కాగితానికి ఇరవై రూపాయలు తీసుకున్నాడు. పుల్లలకు వద్దన్నాడు. "గాలి తగిలితె తోక మంచిగ ఊగుతది, సూడు" అని చెప్పి మళ్లీ తన పనిలో పడ్డాడు.

కల్వకుర్తి దారిలో

ఆ చుక్క నందికొండ చేరలేదు. జడ్చర్ల దాటాక ఒక ఊరి దగ్గర మేకలు కాసుకునే ఆమె రెండు మేకపిల్లలను చంకన పెట్టుకుని బస్సెక్కింది. వాటికి టికెట్టు కొట్టాలని కండక్టరు, పాలు తాగే పిల్లలకు టికెట్టేందని ఆమె. బస్సంతా ఆమె పక్షమే. గొడవ సద్దుమణిగాక వచ్చి మా పక్కన కూర్చుంది. నేను కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ కునికాను. కళ్లు తెరిచేసరికి ఒక మేకపిల్ల ఎర్ర తోకలు రెండూ తినేసి చుక్క కోణం మీద పడింది. మారిసెల్ దాన్ని చూస్తూనే ఉంది, ఆపలేదు.

"తిననీ వదినా. ఆకలైందేమో."

అప్పుడు చూసుకుంది ఆ మేకలామె. పిల్ల మూతి మీద చిన్నగా కొట్టి, "అయ్యో, పండుగ సామానా బిడ్డా?" అని బాధపడింది. మూట విప్పి ఉడకబెట్టిన అనపకాయలు మా ఒళ్లో పోసింది. ముగ్గురం గింజలు ఒలుచుకుని తిన్నాం. ఉప్పు వేసి ఉడకబెట్టిన అనపకాయలు తినడం మొదలుపెడితే చేయి ఆగదు.

"మీ దిక్కు మేకలుంటయా?" అడిగింది ఆమె.

"ఉంటయి. గిట్లనే అన్ని తింటయి."

"అవ్వగారిల్లు దూరమా?" అని పుట్టిల్లు అడిగింది.

"మస్తు దూరం. రెండు ఇమానాలు ఎక్కాలె."

ఆమె తలూపింది. "నాది గూడ దూరమే. అచ్చంపేట అవుతల. నడిమిట్ల ఒక్కటే బస్సు. గది గూడ వచ్చిననాడు వచ్చినట్టు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని తలలు ఊపుకున్నారు. భూగోళం పాఠం చెప్పే నాకు ఆ లెక్క తప్పని చెప్పబుద్ధి కాలేదు.

దేవరకొండ

బస్సు మారాల్సి ఉండి దేవరకొండలో ఆగాం. గుట్ట మీద ఖిల్లా గోడలు మధ్యాహ్నపు ఎండలో మెరుస్తున్నాయి. ఎక్కడానికి వేళ చాలదు. బస్టాండు ఎదుట హోటల్లో చాయ్ తాగుతుంటే గల్లా దగ్గర కూర్చున్నాయన మారిసెల్‌ను అరబ్బీలో ఏదో పలకరించాడు. ఆమెకు దోహాలో చెవిన పడిన నాలుగు ముక్కలుంటే అవే తిరిగి చెప్పింది. ఆయన పదిహేనేళ్లు సౌదీలో బండి నడిపాడట.

"మీ ఫిలిప్పీనోళ్లు మా క్యాంపుల ఉండిరి. మంచిగ పాడుతరు" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "రంజాన్ గూడ గాడనే చేసుకున్నమమ్మా. అంత ముసల్మాన్ల దేశమే, నమాజుకు తక్కువ లేదు. అయినా పండుగనాడు రూముకొచ్చి పండుకుంటుంటిమి" అన్నాడు.

"ఎందుకు?" అన్నాను.

"ఏం జెప్పాలె. సేమ్యా ఉన్నది, కొత్త బట్ట ఉన్నది. 'ఒరేయ్ ఖాదరూ, ఇంక లేవవా' అని ఒర్రే మనిషి లేడు."

మారిసెల్ గ్లాసు కింద పెట్టి ఆయన వైపే చూసింది. చాయ్ పైసలు ఆయన తీసుకోలేదు.

నందికొండ

ఎస్తేరు తాత డ్యాం కట్టే రోజుల్లో రాళ్లు మోయడానికి కుటుంబంతో వచ్చాడు. డ్యాం అయిపోయాక చాలామంది పోయారు, వీళ్లు ఉండిపోయారు. వాళ్ల గల్లీలో అలాంటి ఇళ్లే ఎక్కువ. నీళ్లశాఖలో పనిచేసి రిటైరైనవాళ్లు, చేపలు పట్టేవాళ్లు, హోటళ్లలో పనికి పోయేవాళ్లు అందరూ కలిసి ఉంటారు.

మేము చేరేసరికి ఎస్తేరు చేపలు కడుగుతోంది. సాగర్ నీళ్లలో ఆ పొద్దునే పట్టిన బొచ్చె. కోస్గిలో జొన్నరొట్టె, పప్పుతో కాలం గడిపిన మారిసెల్ చేప తలకాయ తన పళ్లెంలో వేయించుకుని, ముల్లు ముల్లూ చీకి తిన్నది. ఆ ఇంట్లో ఆమెకు మర్యాదలు అంతటితో ముగిశాయి. అన్నం తినగానే ఆమె చేతికి ఉల్లిగడ్డల బుట్ట, కత్తిపీట ఇచ్చారు. పండుగ ముందురోజు సాయంత్రం కదా, బగార అన్నానికి ఆడవాళ్లంతా వాకిట్లోనే కూర్చున్నారు.

పొద్దు గుంకుతుండగా చప్పుడు మొదలైంది. గల్లీ మూల మీద మనిషెత్తు సౌండు బాక్సులు రెండు పెట్టారు. యేసు పుట్టిన పాటలే గానీ దరువు బతుకమ్మ పండుగకు చీరల దుకాణాల ముందు మోగే డీజే దరువు. దానికి తోడు డప్పులు, పిల్లల టపాకాయలు, పక్క గల్లీ వాళ్ల బాక్సుల్లో వేరే పాట. అలమరలో గిన్నెల మూతలు గిలగిల కొట్టుకున్నాయి. నాకు అరగంటలో తలనొప్పి పట్టుకుంది. కొంగు చెవులకు చుట్టుకుని కూర్చున్నాను. మారిసెల్ ఉల్లిగడ్డలు కోస్తూనే భుజాలు ఊపుతోంది. నా చెవి దగ్గరికి వచ్చి గట్టిగా చెప్పింది. "వదినా, గిప్పుడు ఒచ్చింది కిరిస్మస్."

కాసేపటికి పాటల బృందం వాకిట్లోకి వచ్చింది. విదేశపు అమ్మాయి ఉందని తెలిసి ఆమెకు మైకు ఇచ్చారు. సిగ్గుపడలేదు. వాళ్ల భాషలో ఒక పాట ఎత్తుకుంది. మాట అర్థం కాకపోయినా డప్పుల వాళ్లు దరువు పట్టుకున్నారు. గల్లీ అంతా చప్పట్లు. కోస్గిలో ఏడాదిన్నరగా తల వంచుకుని నడిచే మనిషి ఈమేనా అని చూస్తున్నాను.

పాట మధ్యలో ఠక్కున అంతా ఆగిపోయింది.

చూస్తే బనియను, లుంగీ మీద ఒక పెద్దమనిషి. బోర్డు లోంచి పీకిన వైరు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్క ఇంటి నర్సింహ. కాలువ తూములు ఎత్తి దించే లస్కరుగా పనిచేసి రిటైరయ్యాడు.

"మనుషులేనా మీరు? ఇల్లు కూల్తదా నిలుస్తదా సూస్తలేరు" అని అరిచాడు.

"ఏడాదికొక్క దినం తాతా" అన్నాడు బాక్సుల దగ్గరి పిల్లగాడు.

"మీదొక్క దినం, గణపతోళ్లయి తొమ్మిది దినాలు, ఉర్సోళ్లయి రెండు దినాలు. నా చెవులు మాత్రం రెండే."

"గణపతి కాడ గూడ గిట్లనే వైరు గుంజినవా మరి?" గుంపులోంచి ఒకడు గొంతు పెంచాడు. ఆ మాట మతాల గొడవ వైపు పోతోందని లేచి నిలబడ్డాను. ఆ గుంపులో బయటివాళ్లం మేమే.

"గుంజిన. ఠాణాకు గూడ ఫోన్ జేసిన. అడుగుపో వాళ్లను" అన్నాడు నర్సింహ.

నిజంగానే చేశాడట. ఎస్తేరు అడ్డం వచ్చి, "పెద్దబాపూ, జర తగ్గిస్తరు, నువ్వు లోపటికి పో" అని బతిమాలుతోంది. ఆయన అరుస్తూనే ఉన్నాడు.

నేను మారిసెల్ కోసం చూశాను. మెట్టు మీద కూలబడి ఉంది. మైకు ఒళ్లో పెట్టుకుని ముఖం చేతుల్లో దాచుకుంది. భుజాలు అదురుతున్నాయి. పాడుతుంటే వైరు పీకారు కదా, అవమానం అనుకుందేమో. ఇంత దూరం తీసుకొచ్చి ఇదా చూపించానని పక్కన కూర్చుని వీపు మీద చేయి వేశాను. చేతులు తీసింది. నవ్వుతోంది. నవ్వుతూనే కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి.

"మా నాయిన వదినా. మా నాయిన గిట్లనే వైరు గుంజుతుండె."

వాళ్ల ఊరు సముద్రం పక్కన. చేపల పడవలకు మంచుగడ్డలు తయారు చేసే ఫ్యాక్టరీలో ఆమె తండ్రిది రాత్రి డ్యూటీ. సాయంత్రం పడుకోవాలి. క్రిస్మస్ నెలంతా పక్కింట్లో పాటలపెట్టె. రోజూ ఓపిక పట్టి పట్టి ఒకనాడు నిక్కరు మీదే వీధిలోకి వచ్చి వైరు పీకి అందరినీ తిట్టేవాడట. ఏ రోజు వస్తాడోనని వీధి పిల్లలు ఎదురుచూసేవాళ్లు. ఒక ఏడు జ్వరమొచ్చి రాకపోతే, పాటలు పెట్టిన ఇంటివాళ్లే పళ్లు పట్టుకుని చూడటానికి వచ్చారట.

"ఫోన్ల మట్టి ఏస్తుంటె గూడ నాకు నాయిన గొంతు యాదికి రాలే" అంది. "ఎంత జేసినా రాలే. గిప్పుడు ఒచ్చింది."

అప్పుడు ఏడ్చింది, గట్టిగానే. వైరు చేతిలో పట్టుకున్న నర్సింహ, తన వల్లే ఏడుస్తోందనుకుని మాట ఆపేశాడు. ఎవరూ ఆయనకు విడమరిచి చెప్పలేదు. వైరు ఎస్తేరు చేతిలో పెట్టి తల వంచుకుని ఇంట్లోకి పోయాడు. పిల్లలు బాక్సులను డ్యాం వైపు తిప్పి చప్పుడు తగ్గించారు. బగార అన్నం, మాంసం కూర తిన్నాం. కూర కొంచెం అడుగంటింది. అంత గొడవలో పొయ్యి సంగతి ఎవరికీ గుర్తులేదు.

పండుగనాడు

పొద్దున చర్చికి పోయొచ్చాక మారిసెల్ వంటింట్లో దూరింది. కొబ్బరిపాలలో బియ్యం ఉడికించి అరటాకుల్లో పొట్లాలు కట్టే తీపి ఏదో వాళ్లకు పండుగ వంట. మన సోనా బియ్యం ఆమె చెప్పినట్టు అంటుకోలేదు. పొట్లం విప్పితే పలుకులు పలుకులుగా రాలింది. బెల్లం ఇంకాస్త కలిపి, గిన్నెలోనే పెట్టుకుని, "నడువు వదినా" అంది. పక్కింటికి.

నర్సింహ తలుపు తీసి నిలబడిపోయాడు. రాత్రి అరిచిన మనిషి ఇప్పుడు ఎక్కడ చూడాలో తెలియక గిన్నె వైపు చూశాడు.

"బిడ్డా, నిన్ను అనలే నేను. నా చెవులల్ల రాత్రింబగళ్లు హోరు. తూముల కాడ ముప్పై ఏండ్లు నౌకరి జేసిన. నీళ్లు దుంకే సప్పుడు చెవులల్ల ఉండిపోయింది. గా బాక్సులు పెడితె గది ఇంక లేస్తది. తలకాయ పలిగినట్టు అయితది."

"దవాఖానల చూపించుకున్నరా?" అన్నాను.

"చూపిచ్చిన. మందు లేదన్నరు. అలవాటు జేసుకొమ్మన్నరు."

మారిసెల్ అంది, "మా నాయినకు మంచు మిషిన్ సప్పుడు. మేం గట్టిగ మాట్లాడితెనే ఇనబడుతుండె ఆయనకు. మేం పక్కన ఉన్నా గట్టిగనే ఒర్రుతుండె."

"ఇప్పుడెట్లున్నడు?"

"పోయిండు. వానకాలంల."

ఆయన బియ్యం తీపి చిటికెడు నోట్లో వేసుకుని నమిలాడు. చెప్పులు తొడుక్కుని, "నడువుండ్రి, సప్పుడు జూపిస్త" అన్నాడు.

యాసంగి, అంటే రబీ పంటకు కాలువలో నీళ్లు వదిలి ఉన్నారు. తూము కింది వంతెన మీదికి తీసుకుపోయాడు. ఎగువన డ్యాం గోడ పొడిగా, మౌనంగా ఉంది. ఇక్కడ మాత్రం నీళ్లు తెల్లగా నురగలు కక్కుతూ దూకుతున్నాయి. వంతెన కాళ్ల కింద అదురుతోంది. నర్సింహ నీళ్ల వైపు చేయి చూపించి ఏదో వివరంగా చెబుతున్నాడు. పెదవులు కదలడమే కనిపిస్తోంది, ఒక్క ముక్కా వినపడలేదు. మారిసెల్ మాత్రం విన్నట్టే తల ఊపుతోంది. తర్వాత కమ్మీ పట్టుకుని ముందుకు వంగి, నీళ్ల మీదికి గొంతెత్తి వాళ్ల భాషలో ఏదో అరిచింది. చాలాసేపు అరిచింది. ఏమని అరిచావని నేను అప్పుడూ అడగలేదు, తర్వాతా అడగలేదు. నర్సింహ కొంచెం పక్కకు జరిగి కండువాతో ముఖం తుడుచుకున్నాడు. తుంపర్లు మా అందరి మీదా పడుతున్నాయి.

తిరుగు దారి

బస్సులో ఉండగా శీను ఫోను చేశాడు. వాళ్లిద్దరి మాటల్లో సగం తెలుగు, సగం ఇంగ్లీషు, అక్కడక్కడా అరబ్బీ. నేను వినకూడదనుకుంటూనే విన్నాను.

"జనవరిల పోత. అమ్మ ఒక్కతె ఉన్నది. నాయిన సమాధి సూడాలె" అంది. అవతల శీను ఏం అన్నాడో, ఆమె కాసేపు విన్నది. "రెండు దిక్కులకు జెయ్యి టికెట్. పోయేది, వచ్చేది."

నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. పోవద్దని నేను ఒక్కమాట కూడా అనలేదు కాబట్టి నా గెలుపు అని చెప్పుకోవడానికి లేదు. నందికొండలో ఆమెకు దొరికింది నేను చూపించాలనుకున్నదీ కాదు. పండుగ చూపిద్దామని తీసుకుపోతే, పండుగను తిట్టేవాడు ఆమెకు తండ్రి గొంతును తెచ్చి ఇచ్చాడు. సొంత ఊరంటే మనకు నచ్చినవే గుర్తుంటాయనుకుంటాం. విసిగించినవి, గద్దించినవి కూడా ఊరిలో భాగమేనని నాకు ఆ బస్సులో తోచింది.

అన్నట్టుగానే జనవరిలో పోయింది. ఉగాదికి వస్తానన్నది, వాళ్లమ్మ ఆరోగ్యం బాగాలేక రాలేదు. మా అమ్మ ఇక రాదనే అనుకుంది. మే నెల నడి ఎండలో, చెమటలు కక్కుకుంటూ, మా అమ్మకొక గొడుగు పట్టుకుని దిగింది.

మా అమ్మ ఇంట్లో కూర్చుని ఇది రాస్తుంటే పక్కింటి దాకా వినపడేలా మా అమ్మ టీవీలో సీరియల్ నడుస్తోంది. వంటింట్లోంచి మారిసెల్ గొంతు దాన్ని మించి వస్తోంది: "అత్తా, జర తగ్గియ్యి. గీ ఇంట్ల మనుషులుంటున్నరు."